ఈవెంట్ లూప్ ఇంటర్‌ఫేస్‌ల రూపకల్పన

ఈవెంట్ లూప్ అంటే సంఘటనల కోసం కాచుకుని ఉండి, ఏది జరిగితే దానికి కేటాయించిన కోడ్‌ను నడిపించి, మళ్లీ కాపలాకు వెళ్లే ప్రోగ్రామ్ భాగం. సాకెట్‌కు డేటా అందడం, పెట్టుకున్న గడువు తీరడం, తెర మీద మీట నొక్కడం, మరో థ్రెడ్ నుంచి కబురు రావడం లూప్ దృష్టిలో సంఘటనలే. మిగతా ప్రోగ్రామ్ ఈ లూప్‌ను ఏమేం అడగవచ్చో, అడిగినదానికి లూప్ ఏ మేరకు పూచీ పడుతుందో చెప్పే ఒప్పందాన్ని ఈవెంట్ లూప్ ఇంటర్‌ఫేస్ అంటారు. ఒకే థ్రెడ్‌తో వేలాది కనెక్షన్లను సంభాళించే అసింక్రనస్ ప్రోగ్రామింగ్‌కు ఇదే పునాది.

ఈ ఇంటర్‌ఫేస్‌లోని ఫంక్షన్లను పేర్చి చూస్తే జాబితా పొట్టిగానే ఉంటుంది: నడుపు, ఆపు, త్వరలో పిలువు, ఫలానా సమయానికి పిలువు, ఫలానా సాకెట్‌ను కనిపెట్టి ఉండు. రూపకర్తలకు పని పెట్టేవి వాటి వెనకున్న హామీలు. సంఘటనలకు కేటాయించిన కోడ్ ముక్కలు, అంటే కాల్‌బ్యాక్‌లు, ఏ క్రమంలో, ఏ థ్రెడ్‌లో నడుస్తాయి? మొదలైన పనిని మధ్యలో ఆపితే ఏమవుతుంది? ఎవరూ పట్టుకోని లోపం ఎక్కడికి చేరుతుంది? వీటికి స్పష్టమైన జవాబు ఇవ్వని లూప్ మీద పెద్ద ప్రోగ్రామ్ నిలబడదు. పైథాన్ భాషలోని అసింక్‌ఐఓ మాడ్యూల్‌లో ఈ జవాబులు పదేళ్లకు పైగా బహిరంగంగా చర్చకు వచ్చి, మారుతూ, దిద్దుబాట్లకు లోనయ్యాయి. అందుకే ఈ వ్యాసం దాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుని మిగతా వ్యవస్థలతో పోలుస్తుంది.

చారిత్రక నేపథ్యం

1983లో వెలువడిన 4.2బీఎస్‌డీ యూనిక్స్‌తో ‘సెలెక్ట్’ అనే సిస్టమ్ కాల్ వచ్చింది. అనేక ఫైల్ డిస్క్రిప్టర్లను ఒకేసారి అప్పజెప్పి, వాటిలో ఏది సిద్ధంగా ఉందో చెప్పమని కెర్నెల్‌ను అడిగే వీలు దానితో కలిగింది. అయితే చాలా వ్యవస్థల్లో అది 1024 డిస్క్రిప్టర్లకు మించి చూడలేదు. పైగా పిలిచిన ప్రతిసారీ మొత్తం జాబితాను మొదటి నుంచి తడమాలి. కనెక్షన్లు పెరిగేకొద్దీ, వాటిలో ఎక్కువ భాగం ఖాళీగా ఉన్నా సరే, ఖర్చు పెరుగుతూనే ఉండేది.

1999లో డాన్ కెగెల్ ‘సి10కె సమస్య’ పేరుతో రాసిన వ్యాసం ఈ లోటును అందరి దృష్టికీ తెచ్చింది. ఒక్క సర్వర్ ఏకకాలంలో పదివేల మందికి సేవలందించాలంటే ఏం చేయాలన్నది అందులోని ప్రశ్న. కనెక్షన్‌కొక థ్రెడ్ చొప్పున కేటాయిస్తే స్టాక్ మెమరీ, థ్రెడ్ల మార్పిడి భారం తడిసి మోపెడయ్యేవి. 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.1లో జొనాథన్ లెమన్ రూపొందించిన ‘కెక్యూ’, 2002లో లినక్స్ 2.5 శ్రేణిలో డేవిడె లిబెంజీ చేర్చిన ‘ఈపోల్’ ఈ సమస్యకు పరిష్కారాలుగా వచ్చాయి. ఆసక్తి ఉన్న డిస్క్రిప్టర్లను ఒకసారి నమోదు చేస్తే చాలు, కెర్నెల్ సిద్ధమైనవాటిని మాత్రమే తిరిగి ఇస్తుంది. విండోస్ ఎన్‌టీ 3.5 అంతకు ముందే, 1994లో, ఐఓ కంప్లీషన్ పోర్ట్ అనే భిన్నమైన దారి పట్టింది.

ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒక్కో పద్ధతి కావడంతో, ఆ తేడాలను కప్పిపుచ్చే లైబ్రరీలు అవసరమయ్యాయి. నీల్స్ ప్రోవోస్ లిబ్‌ఈవెంట్‌ను, మార్క్ లేమన్ లిబ్‌ఈవీని అందించారు. 2009లో రయన్ డాల్ బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో నోడ్.జేఎస్‌ను పరిచయం చేశారు. దాన్ని విండోస్ మీద కూడా నడిపించే ప్రయత్నంలో 2011 నాటికి లిబ్‌యూవీ రూపుదిద్దుకుంది. మరోపక్క కిటికీలు, మీటలు ఉండే డెస్క్‌టాప్ ప్రోగ్రాములు తొలి నుంచీ లూప్ మీదే నడిచాయి. విండోస్ మెసేజ్ లూప్, జీటీకే వాడే జీలిబ్ మెయిన్ లూప్, క్యూటీ ఈవెంట్ లూప్ ఈ కోవలోవి.

సిద్ధత నమూనా, పూర్తి నమూనా

లూప్ ఇంటర్‌ఫేస్‌లో తొలి నిర్ణయం ఏ రకం కబురు అందించాలన్నది. ‘ఈ సాకెట్ నుంచి ఇప్పుడు చదవవచ్చు’ అని చెప్పి, చదివే పనిని ప్రోగ్రామ్‌కే వదిలేసేది సిద్ధత నమూనా. ‘మీరు చదవమన్నది చదివేశాను, డేటా ఇదిగో’ అని చెప్పేది పూర్తి నమూనా. సాఫ్ట్‌వేర్ రూపకల్పన సాహిత్యంలో వీటికి రియాక్టర్, ప్రోయాక్టర్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. డగ్లస్ ష్మిట్ రచనలు వాటిని వ్యాప్తిలోకి తెచ్చాయి. సెలెక్ట్, ఈపోల్, కెక్యూ మొదటి తరహావి. విండోస్ కంప్లీషన్ పోర్ట్, 2019లో లినక్స్ 5.1తో వచ్చిన యెన్స్ ఆక్స్‌బో రూపకల్పన ‘ఐఓ యూరింగ్’ రెండో తరహావి.

పైకి చిన్నదిగా కనిపించే ఈ తేడా ఇంటర్‌ఫేస్ అంతటా వ్యాపిస్తుంది. డిస్క్రిప్టర్‌ను కనిపెట్టి ఉండమనే ‘యాడ్ రీడర్’ ఫంక్షన్ సిద్ధత నమూనాలో సహజంగా ఒదుగుతుంది. పూర్తి నమూనాలో దానికి చోటు లేదు. పైథాన్ 3.8లో విండోస్ మీద ప్రోయాక్టర్ లూప్‌నే డిఫాల్ట్ చేశారు. ‘యాడ్ రీడర్’ మీద ఆధారపడిన టొర్నాడో వంటి లైబ్రరీలు అక్కడ పనిచేయక ఇబ్బంది పడ్డాయి. కింది పొరలో ఉండే ఒక సౌకర్యాన్ని పై పొరకు బహిర్గతం చేస్తే, దాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఈ ఉదంతం చూపుతుంది.

లిబ్‌యూవీ ఈ చిక్కును మరోలా విప్పింది. పై పొరలో పూర్తి నమూనానే చూపిస్తూ, యూనిక్స్ మీద దాన్ని ఈపోల్, కెక్యూల సాయంతో అనుకరిస్తుంది. మామూలు డిస్క్ ఫైళ్లను ఈపోల్ స్వీకరించదు కాబట్టి ఫైల్ పనులను, డొమైన్ పేర్ల వెతుకులాటను ఒక థ్రెడ్ పూల్‌కు అప్పగిస్తుంది. ఆ పూల్‌లో డిఫాల్ట్‌గా 4 థ్రెడ్లు ఉంటాయి. నోడ్ ‘ఒకే థ్రెడ్’ మీద నడుస్తుందన్న మాట జావాస్క్రిప్ట్ కోడ్ వరకే వర్తిస్తుంది.

పూర్తి నమూనాలో మెమరీ ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది. చదివే పని ముగిసేదాకా బఫర్ కెర్నెల్ చేతిలో ఉంటుంది. ఈలోగా ప్రోగ్రామ్ ఆ పనిని వద్దనుకుని బఫర్‌ను విడుదల చేస్తే మెమరీ పాడవుతుంది. యాజమాన్య నియమాలు కఠినంగా ఉండే రస్ట్ భాషలో ఐఓ యూరింగ్‌కు సురక్షితమైన ఇంటర్‌ఫేస్ కట్టడం కష్టం కావడానికి ఇదే కారణం.

ఇంటర్‌ఫేస్‌లోని ముఖ్యాంగాలు

నడపడం, ఆపడం. అసింక్‌ఐఓ లూప్‌లో ‘రన్ ఫరెవర్’, ‘రన్ అంటిల్ కంప్లీట్’, ‘స్టాప్’, ‘క్లోజ్’ అనే నాలుగు ఫంక్షన్లు లూప్ జీవితకాలాన్ని నిర్దేశిస్తాయి. లిబ్‌యూవీ మూడు రీతులు ఇస్తుంది: పని ఉన్నంతసేపూ నడవడం, ఒక్క చుట్టు తిరగడం, అసలు ఆగకుండా సిద్ధంగా ఉన్నవాటిని మాత్రమే ముగించడం. గేమ్ ఇంజన్ వంటి మరో లూప్ లోపల దీన్ని ఇమడ్చాలంటే మూడో రీతి కావాలి.

త్వరలో పిలవడం. ‘కాల్ సూన్’కు ఇచ్చిన కాల్‌బ్యాక్ వెంటనే నడవదు. వరుసలో చేరి, తన వంతు వచ్చినప్పుడు నడుస్తుంది. చుట్టు మొదలయ్యేసరికి వరుసలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అసింక్‌ఐఓ ఆ చుట్టులో అన్నింటిని మాత్రమే నడుపుతుంది. మధ్యలో కొత్తగా చేరినవి తర్వాతి చుట్టుకు ఆగాలి. కాబట్టి ఒక కాల్‌బ్యాక్ తనను తాను మళ్లీ మళ్లీ వరుసలో వేసుకున్నా నెట్‌వర్క్ పనులు నిలిచిపోవు. నోడ్‌లోని ‘నెక్స్ట్ టిక్’ తీరు వేరు. లూప్ ముందుకు సాగకముందే ఆ వరుస పూర్తిగా ఖాళీ కావాలి. అందులో ఒక ఫంక్షన్ తనను తాను తిరిగి చేర్చుకుంటూ పోతే సాకెట్ల వైపు చూసే తీరికే లూప్‌కు దొరకదు.

టైమర్లు. ‘కాల్ లేటర్’ వ్యవధిని, ‘కాల్ ఎట్’ నిర్ణీత సమయాన్ని తీసుకుంటాయి. ఆ సమయాన్ని గోడ గడియారంతో కాక, వెనక్కి తిరగని మోనోటోనిక్ గడియారంతో కొలుస్తారు. కంప్యూటర్ టైమ్‌ను ఎవరైనా సరిదిద్దినా గడువులు చెదరకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. ఇచ్చిన వ్యవధి కనీస హామీ మాత్రమే. అంతకంటే ముందు పిలవకపోవడం లూప్ బాధ్యత, కచ్చితంగా అప్పుడే పిలవడం కాదు. బ్రౌజర్లలో ఒకదానిలో ఒకటిగా పెట్టిన టైమర్ల లోతు అయిదు దాటితే కనీస వ్యవధి 4 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. టైమర్లను పేర్చడానికి అసింక్‌ఐఓ, లిబ్‌యూవీ రెండూ హీప్ నిర్మాణాన్నే వాడతాయి.

థ్రెడ్లతో సంబంధం. లూప్ నడిచే థ్రెడ్ తప్ప మరేదీ దాని వరుసను ముట్టుకోకూడదన్నది సాధారణ నియమం. ప్రతి పిలుపుకూ తాళం వేసి తీస్తే వేగం తగ్గుతుంది. అందుకే బయటి థ్రెడ్ల కోసం ‘కాల్ సూన్ థ్రెడ్‌సేఫ్’ అనే ఒక్క ప్రవేశమార్గాన్ని విడిగా ఉంచారు. సెలెక్ట్‌లో నిద్రపోతున్న లూప్‌ను లేపడానికి లూప్ తన కోసమే తెరుచుకున్న పైపులో లేదా సాకెట్ జతలో ఒక బైట్ రాస్తారు. లినక్స్‌లో ఈ పనికి 2007 నుంచి ‘ఈవెంట్ ఎఫ్‌డీ’ ఉంది. దీనికి ఎదురు దిశలో, లూప్‌ను ఆపేసే పనిని వేరే థ్రెడ్‌కు పంపడానికి ‘రన్ ఇన్ ఎగ్జిక్యూటర్’ ఉంటుంది.

క్రమం, పునఃప్రవేశం

ఒక ఫంక్షన్ తనకిచ్చిన కాల్‌బ్యాక్‌ను ఒకసారి అక్కడికక్కడే, మరోసారి లూప్ ద్వారా తర్వాత పిలిస్తే దాన్ని వాడేవారికి తిప్పలు తప్పవు. కావలసిన డేటా క్యాష్‌లో దొరికితే తక్షణం, దొరక్కపోతే ఆలస్యంగా పిలిచే లైబ్రరీలలో ఈ లోపం తరచూ కనిపించేది. పరీక్షల్లో ఒక క్రమం, వాడుకలో మరో క్రమం బయటపడేవి. తర్వాత అందే ఫలితానికి ప్రతినిధులుగా ఉండే వస్తువులు, అంటే జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంలో చేరిన ప్రామిస్, అసింక్‌ఐఓలోని ఫ్యూచర్, ఈ విషయంలో ఒకే నియమం పాటిస్తాయి: ఫలితం సిద్ధంగా ఉన్నా సరే, కాల్‌బ్యాక్ వరుస ద్వారానే వెళ్లాలి.

క్రమాన్ని మార్చడం అంత తేలిక కాదు. బ్రౌజర్లు ఒక్కో టాస్క్ ముగియగానే ప్రామిస్‌ల మైక్రోటాస్క్ వరుసను ఖాళీ చేస్తాయి. నోడ్ మాత్రం చాలాకాలం ఒకే దశలోని టైమర్లన్నీ నడిచాక ఆ పని చేసేది. 2018లో వచ్చిన నోడ్ 11 ఈ తేడాను సరిచేసింది. పాత క్రమాన్ని నమ్ముకున్న కోడ్ ఆ వెర్షన్‌లో వేరుగా ప్రవర్తించింది. పైథాన్ 3.12లో కొత్త టాస్క్‌ను వరుసలో వేయకుండా మొదటి విరామం దాకా అప్పటికప్పుడే నడిపే సౌలభ్యం వచ్చింది. వేగం పెరిగినా క్రమం మారుతుంది కాబట్టి, కోరుకున్నవారికే అది వర్తించేలా ఉంచారు.

నడుస్తున్న లూప్‌ను దాని లోపలి నుంచే మరోసారి నడపవచ్చా అన్నది ఇదే కోవలోని ప్రశ్న. జీలిబ్, క్యూటీ అందుకు ఒప్పుకుంటాయి. డైలాగ్ బాక్స్ తెరిచి, యూజర్ జవాబిచ్చేదాకా అక్కడే ఆగడం దీనివల్లే వీలవుతుంది. అయితే లోపలి లూప్ తిరుగుతుండగా బయటి ఫంక్షన్ వాడుతున్న డేటా మారిపోయే ప్రమాదం ఉంది. అసింక్‌ఐఓ దీన్ని పూర్తిగా నిషేధించింది. జూపిటర్ నోట్‌బుక్‌లో అప్పటికే ఒక లూప్ నడుస్తుంటుంది కాబట్టి అక్కడ ‘అసింక్‌ఐఓ రన్’ పిలిస్తే లోపం వస్తుంది. 2018లో ఐపైథాన్ 7 సెల్‌లో నేరుగా ‘అవెయిట్’ రాసే వీలు కల్పించి ఈ ఇబ్బందిని తొలగించింది.

కాల్‌బ్యాక్ నుంచి కోరొటీన్ వరకు

పైథాన్‌లో అసింక్రనస్ ప్రోగ్రామింగ్‌కు ట్విస్టెడ్ చాలాకాలం పెద్దదిక్కుగా నిలిచింది. బైట్లను మోసే ట్రాన్స్‌పోర్ట్‌ను, వాటి అర్థం తెలిసిన ప్రోటోకాల్‌ను విడదీయడం అందులోని ముఖ్యమైన ఆలోచన. టొర్నాడో, జీఈవెంట్ వేరే దారుల్లో నడిచాయి. ఒకదాని కోసం రాసిన డేటాబేస్ డ్రైవర్ మరొకదానిలో పనిచేసేది కాదు. 2012 డిసెంబరులో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ పెప్ 3156 అనే ప్రతిపాదన రాశారు. ట్యులిప్ పేరుతో మొదలైన దాని అమలు 2014 మార్చిలో పైథాన్ 3.4లో అసింక్‌ఐఓగా చేరింది. ట్రాన్స్‌పోర్ట్, ప్రోటోకాల్ విభజనను అది ట్విస్టెడ్ నుంచే స్వీకరించింది.

2015లో యూరీ సెలివనోవ్ ప్రతిపాదించిన పెప్ 492 ద్వారా పైథాన్ 3.5కు ‘అసింక్’, ‘అవెయిట్’ పదాలు వచ్చాయి. వీటితో రాసిన, మధ్యలో ఆగి తిరిగి సాగగల ఫంక్షనే కోరొటీన్. ఇక్కడ రూపకర్తలు తీసుకున్న నిర్ణయం గమనించదగ్గది. ఈ పదాలు ఏ లూప్‌కూ కట్టుబడి లేవు. విరామం తీసుకోవడం, తిరిగి మొదలవడం ఎలాగో మాత్రమే భాష చెబుతుంది. ఎవరు మేల్కొల్పాలో చెప్పదు. డేవిడ్ బీజ్లీ క్యూరియోను, నథానియెల్ స్మిత్ ట్రియోను అసింక్‌ఐఓతో నిమిత్తం లేకుండా నిర్మించగలిగింది అందుకే.

లూప్‌ను ప్రోగ్రామ్ ఎలా చేరుకోవాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదట్లో దాదాపు ప్రతి ఫంక్షన్‌కూ లూప్‌ను ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వగలిగేవారు. ఇవ్వకపోతే ‘గెట్ ఈవెంట్ లూప్’ వెతికి తెచ్చేది. లేకపోతే కొన్ని సందర్భాల్లో కొత్తది పుట్టించేది. రెండు లూప్‌లు పొరపాటున కలగాపులగమైతే టాస్క్‌లు ఎప్పటికీ ముగియకుండా ఉండిపోయేవి. పైథాన్ 3.7లో ‘గెట్ రన్నింగ్ లూప్’, ‘అసింక్‌ఐఓ రన్’ వచ్చాయి. 3.10లో లూప్ ఆర్గ్యుమెంట్‌ను తీసేశారు. లూప్‌ల ఎంపికకు పెట్టిన పాలసీ వ్యవస్థను 3.14లో వాడవద్దని ప్రకటించారు. సాధారణ ప్రోగ్రామర్ ఇప్పుడు లూప్ వస్తువును చూడకుండానే పని ముగిస్తాడు. అది లైబ్రరీ రచయితల పనిముట్టుగా మిగిలింది.

రద్దు, లోపాలు, వెనుక ఒత్తిడి

అసింక్‌ఐఓలో టాస్క్‌ను రద్దు చేస్తే, అది ఆగి ఉన్న చోట ఒక ఎక్సెప్షన్ లేస్తుంది. టాస్క్ తన కనెక్షన్లను మూసుకుని, సర్దుకుని వెళ్లడానికి ఇది అవకాశమిస్తుంది. అయితే అన్ని లోపాలనూ పట్టుకునే కోడ్ ఈ రద్దును కూడా మింగేసేది. పైథాన్ 3.8లో రద్దును సాధారణ లోపాల వంశం నుంచి తప్పించి, మూల ఎక్సెప్షన్ కిందికి మార్చాక ఈ బెడద తగ్గింది.

ఎవరూ ఎదురుచూడని టాస్క్‌లో లోపం వస్తే అది ఎవరికి చెప్పుకోవాలి? అసింక్‌ఐఓ దాన్ని లూప్ తాలూకు ఎక్సెప్షన్ హ్యాండ్లర్‌కు పంపుతుంది. నోడ్ చాలాకాలం హెచ్చరికతో సరిపెట్టి, 2020లో 15వ వెర్షన్ నుంచి ప్రోగ్రామ్‌నే ఆపేయడం మొదలుపెట్టింది. అసలు అనాథ టాస్క్‌లే లేకుండా చూడాలన్న ఆలోచన స్ట్రక్చర్డ్ కంకరెన్సీగా పేరు పొందింది. స్మిత్ 2018లో రాసిన వ్యాసం దాన్ని విస్తృతంగా చర్చకు పెట్టింది. ఒక బ్లాక్‌లో మొదలైన టాస్క్‌లన్నీ ఆ బ్లాక్ ముగిసేలోగా ముగియాలి. ఒకటి విఫలమైతే మిగతావి రద్దు కావాలి. ట్రియోలోని నర్సరీ, కోట్లిన్ స్కోప్‌లు, స్విఫ్ట్ 5.5 టాస్క్ గ్రూప్‌లు ఈ సూత్రం మీద ఉన్నాయి. 2022లో పైథాన్ 3.11 కూడా టాస్క్ గ్రూప్‌ను, అనేక లోపాలను ఒకే మూటగా అందించే ఎక్సెప్షన్ గ్రూప్‌ను చేర్చుకుంది.

పంపేవారి వేగం అందుకునేవారి వేగాన్ని మించినప్పుడు మధ్యలో డేటా పోగుపడుతుంది. దీన్ని అదుపు చేసే ఏర్పాటుకు వెనుక ఒత్తిడి అని పేరు. అసింక్‌ఐఓ ట్రాన్స్‌పోర్ట్‌లో పోగైనది పై హద్దు దాటితే ‘పాజ్ రైటింగ్’, కింది హద్దుకు తగ్గితే ‘రెజ్యూమ్ రైటింగ్’ అని ప్రోటోకాల్‌కు కబురందుతుంది. పై హద్దు డిఫాల్ట్‌గా 64 కిలోబైట్లు, కింది హద్దు అందులో నాలుగో వంతు. నోడ్ స్ట్రీమ్‌లలో రాసే ఫంక్షన్ ‘ఫాల్స్’ అని జవాబిచ్చి ఇదే సంగతి చెబుతుంది. పట్టించుకోకుండా రాస్తూ పోతే ఆపేవారు లేరు, మెమరీ పెరుగుతూ పోతుంది. హామీని ఇంటర్‌ఫేస్ అమలు చేస్తుందా, సూచించి వదిలేస్తుందా అన్న తేడా ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

ఒకే లూప్ మీద అనేక లైబ్రరీలు

ఒక ప్రాసెస్‌లోని ఒక థ్రెడ్ ఒకే చోట నిద్రపోగలదు. రెండు లైబ్రరీలు చెరొక లూప్ తెచ్చుకుంటే వాటిలో ఒకటి మేల్కొనదు. అందుకే లూప్ ఇంటర్‌ఫేస్‌ను ఉమ్మడి ఆస్తిగా చూడాల్సి వస్తుంది. పెప్ 3156 లక్ష్యాలలో ఇదొకటి. 2016లో వచ్చిన యూవీలూప్, అసింక్‌ఐఓ ఇంటర్‌ఫేస్‌ను అలాగే ఉంచి లోపల లిబ్‌యూవీని అమర్చింది. ప్రోగ్రామ్ మార్చకుండానే వేగం పెరిగింది. టొర్నాడో 2018లో 5.0 వెర్షన్‌తో తన సొంత లూప్‌ను పక్కనపెట్టి పైథాన్ 3 మీద అసింక్‌ఐఓకు మారింది. ట్విస్టెడ్ కూడా అసింక్‌ఐఓ మీద నడిచే రియాక్టర్‌ను అందించింది.

పెర్ల్‌లో ఎనీఈవెంట్, అందుబాటులో ఉన్న ఏ లూప్‌నైనా ఒకే తీరులో వాడుకునే పొరగా పనిచేసింది. పీహెచ్‌పీలో రియాక్ట్‌పీహెచ్‌పీ, యాంప్ చాలాకాలం వేర్వేరు లూప్‌లు నడిపాయి. 2021లో పీహెచ్‌పీ 8.1, మధ్యలో ఆగి తిరిగి సాగగల ఫైబర్లను తెచ్చాక రెండింటికీ ఉమ్మడి కేంద్రంగా రివోల్ట్ అనే చిన్న లూప్ వెలిసింది. రస్ట్ దారి వేరు. ఆ భాష ప్రామాణిక లైబ్రరీలో 2019లో స్థిరపడినవి ఫ్యూచర్, దాన్ని మేల్కొల్పే వేకర్ మాత్రమే, లూప్ లేదు. చిన్న పరికరాల నుంచి పెద్ద సర్వర్ల దాకా ఎవరికి తగిన రన్‌టైమ్ వారు రాసుకోగలిగారు. దానికి మూల్యంగా టైమర్లు, సాకెట్లు వాడే లైబ్రరీలు ఎక్కువగా టోకియో అనే ఒక్క రన్‌టైమ్‌నే అంటిపెట్టుకున్నాయి. ఇంటర్‌ఫేస్ మరీ చిన్నదైతే ఆ ఖాళీని ఏదో ఒక అమలు ఆక్రమిస్తుంది.

విమర్శలు, ప్రత్యామ్నాయాలు

లూప్‌లో అందరూ సహకరిస్తేనే పని సాగుతుంది. ఒక్క కాల్‌బ్యాక్ పెద్ద లెక్కలో మునిగితే మిగతా కనెక్షన్లన్నీ ఎదురుచూడాల్సిందే. అసింక్‌ఐఓ డీబగ్ రీతి 100 మిల్లీసెకన్లు మించిన కాల్‌బ్యాక్‌లను పట్టి చూపిస్తుంది కానీ, వాటిని ఆపలేదు. అసింక్రనస్ ఫంక్షన్‌ను పిలిచేది కూడా అసింక్రనస్ కావాల్సి రావడం మరో విమర్శ. 2015లో బాబ్ నైస్ట్రమ్ దీన్ని ఫంక్షన్లకు రంగులు ఉండటంగా వర్ణించారు. ఒకే పనికి రెండు రకాల లైబ్రరీలు రాయాల్సిన పరిస్థితి దాని పర్యవసానం.

గో భాష లూప్‌ను రన్‌టైమ్ లోపల దాచేసింది. గోరొటీన్ అనే తేలికపాటి థ్రెడ్ మామూలుగా ఆగినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం ఈపోల్, కెక్యూలు పనిచేస్తుంటాయి. 2023లో జావా 21 వర్చువల్ థ్రెడ్లతో ఇదే బాట పట్టింది. వీటిలో ఫంక్షన్లకు రంగులు లేవు, లూప్ వస్తువూ లేదు. అయినా ఒక పనిని మధ్యలో ఎలా రద్దు చేయాలి, పిల్ల పని విఫలమైతే ఎవరు జవాబుదారీ అన్నవి తప్పలేదు. గో 2016లో 1.7 వెర్షన్‌తో కాంటెక్స్ట్ ప్యాకేజీని ప్రామాణిక లైబ్రరీలో చేర్చాల్సి వచ్చింది. జావా 21 వర్చువల్ థ్రెడ్లతో పాటే స్ట్రక్చర్డ్ టాస్క్ స్కోప్‌ను ప్రివ్యూ రూపంలో పరిచయం చేసింది. లూప్‌ను ప్రోగ్రామర్ కంట పడకుండా చేయడం సాధ్యమేనని ఈ రెండు భాషలూ నిరూపించాయి. క్రమం, రద్దు, బాధ్యతల గురించిన ఒప్పందాన్ని మాత్రం అవి కూడా రాసుకోక తప్పలేదు.